పదిహేడో పిడి

వెంట్రుక కాలిన వాసన మాకు కొత్త కాదు. కుంచెకి వెంట్రుకల కుచ్చు కట్టాక దాని అడుగుభాగాన్ని ఎర్రగా కాల్చిన ఇనప పుల్లతో అదుముతాం. అప్పుడు వెంట్రుకల మొదళ్ళు ఒకదాన్నొకటి కరుచుకుని ఇక ఊడి రావు. కుంచెలకి పేరుపడ్డ మా ఊరు కుమానోలో ఏ వీధిలో నడిచినా ఎవరో ఒకరి కిటికీలోంచి ఆ వాసన వస్తూనే ఉంటుంది. కానీ ఆ ఏప్రిల్ మధ్యాహ్నం నా ముక్కుకు తగిలింది అది కాదు. తల తిప్పి చూస్తే నా పక్క పీట మీద మిసావో అక్క ఇనప పుల్లని కుచ్చుకి పెట్టి తీరిగ్గా అదుముతోంది. పుల్ల అంచు ఆమె కుడి బొటనవేలికి కూడా ఆనుకుని ఉంది. వేలి చర్మం తెల్లగా ఉబ్బుతోంది. ఆమె చూపు మాత్రం కుచ్చు మీదే ఉంది.

“అక్కా, వేలు!” అన్నాను.

“ఏ వేలు?” అంది.

ఆ రెండు మాటలతోనే ఆమె వేలికి స్పర్శ లేదని తెలిసింది. మా పని అంతా ఆ వేల్లోనే ఉంది. మేక మెడకింది వెంట్రుకని దువ్వి, ఊక బూడిదతో జింకతోలులో చుట్టి పిసికి, జిడ్డు పోయాక కట్టలు చేస్తాం. ఒక్కో కట్టనీ మొండి కత్తికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని, పల్చగా జారుస్తూ చెడ్డ వెంట్రుకల్ని ఏరి పారేయాలి. మొన విరిగింది ఒకటి. మొదలు పైకీ మొన కిందకీ తిరిగిన ఎదురు వెంట్రుక ఇంకొకటి. ఇవి కంటికి కనిపించవు. అందరూ తెల్లటి తోబుట్టువులే. వేలికి మాత్రం తెలుస్తుంది. కత్తెరతో మొనలు సమానం చేసేస్తే పోలా అని బయటివాళ్ళు అడుగుతారు. కత్తిరించిన మొన మొనే కాదు, అది ముల్లు. మా ఊళ్ళో కుచ్చు దగ్గరికి కత్తెర తెచ్చినవాణ్ణి పొరకతో తరుముతారు.

మిసావో అక్క నా చెయ్యి పట్టుకుని వెనకవైపు కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది. వేలు నీళ్ళ కింద పెట్టింది. అది కూడా నాకోసమే, తనకేం మంట లేదు కదా.

“ఎన్నాళ్ళయింది?” అన్నాను.

“కొత్త సంవత్సరం ముందునుంచీ. చలికేమో అనుకున్నాను. చలి పోయింది, ఇది పోలేదు.”

“సెరాకి చెప్పాలి కదా మరి?”

“చెప్పి? తొకియే గతి చూశావుగా. నోబుయే, నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు. ఈ ఒక్కదాన్నీ నానబెట్టు.”

తొకియే అని మాతో పనిచేసినావిడ. చూపు తగ్గిందని వెంట్రుకల గదిలోంచి పెట్టెల గదికి పంపారు. జీతం తగ్గించలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. మా యజమాని సెరా చెడ్డవాడు కాదు. అట్టపెట్టెలకి కాగితం అంటించుకుంటూ కూర్చోమన్నాడు, అంతే. రెండు నెలల తర్వాత ఎవరూ ఆవిడ దగ్గరికి ఓ కట్ట పట్టుకెళ్ళి “ఇది చూడండి” అని అడగలేదు. మూడో నెలలో ఆవిడే మానేసింది. మిసావో అక్క భయమంతా అదే. వెంట్రుకల పీట మీంచి లేవడమంటే ఆమె లెక్కలో ఊళ్ళోంచి లేచిపోవడమే.

ఆమెకి అలా అనిపించడంలో తప్పేం లేదు. ఆమె పుట్టింది కొండ కింద సముద్రపొడ్డున యానోలో, ముత్యపు చిప్పల్లాంటి గుల్లల్ని ఒలిచి అమ్ముకునేవాళ్ళింట్లో. ఆ గుల్లల అంచులకి తల్లి చేతులు ఎప్పుడూ కోసుకుపోయి ఉండేవట. “దీని చేతులైనా మిగలనీ” అని తల్లి పదహారేళ్ళ పిల్లని కొండెక్కించి, అప్పటి యజమాని, ఇప్పటి సెరా తండ్రి ముసలి సెరా దగ్గర కుంచెల పనికి పెట్టింది. మిసావో ఆ చేతుల్ని దాచుకున్నట్టు మా ఊళ్ళో ఏ ఆడదీ నగలు కూడా దాచుకోలేదు. పని రోజుల్లో నారింజలు ఒలవదు, తొక్క నూనె వేలికి అంటుతుందని. అంట్ల సబ్బు ముట్టుకోదు. మొగుడు కాంజీ బస్సు నడిపేవాడు. డ్యూటీ దిగి వచ్చి గిన్నెలు తోమేవాడు. వీధంతా నవ్వేది. “నీ పెళ్ళాం మహారాణిరా” అంటే, “కాదురా, మహారాణికి వేళ్ళు ఇంత పనికిరావు” అనేవాడు. పడుకునేటప్పుడు కూడా చేతులకి నూలు తొడుగులే. ఓ తుపాను రోజున కరెంటు పోయి గదంతా చీకటైతే మేమంతా చేతులు ముడుచుకు కూర్చున్నాం. ఆమె ఒక్కతే ఏరుతూ కూర్చుంది. దీపం వచ్చాక ముసలి సెరా ఆ కట్టని భూతద్దం పెట్టి చూసి, ఒక్కటి కూడా తప్పుగా దొరక్క, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నాకు పని నేర్పింది ఆమే. ముప్పై ఒక్క ఏళ్ళు పక్కపక్క పీటల మీద కూర్చున్నాం. నేను చేసిన తప్పుకి వేళ్ళ కణుపుల మీద కత్తి వెనక్కి తిప్పి కొట్టేది. అందుకే నోరు మూసుకున్నాను.

మూసుకుంటే సరిపోయిందా? ఆమె ఏరిన కట్టల్లో చెడ్డవి ఉండిపోతే? రాసే కుంచె అయితే గీత కాస్త చెదురుతుంది. ఆ ఏడు మా చేతికొచ్చింది గడ్డం గీసుకునేటప్పుడు నురగ పూసుకునే కుచ్చులు, అవి మనిషి ముఖానికి తగిలేవి.

జూన్‌లో పింగాణీ చేసే ఊరు అరితా నుంచి ఎగుచి గారు వచ్చారు. అరవై దాటిన మనిషి. రైల్లో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకున్న చెక్కపెట్టెని మా ముందే విప్పారు. కుచ్చులు బిగించడానికి ముప్పై పింగాణీ పిడులు. పాలమీగడ లాంటి తెలుపు మీద నీలి రంగుతో ఒక్కో దాని మీద ఒక్కో అల, ఒక్కో గడ్డిపోచ. పట్టుకుంటే చల్లగా, చేతికి సరిగ్గా ఒదిగేలా నడుము దగ్గర సన్నగా ఉన్నాయి. అడుగున నంబర్లు.

“డెబ్భై చేశానమ్మా. ఆవంలో నలభై వంకరపోయాయి,” అన్నారాయన. “పింగాణీ కాలితే ముడుచుకుంటుంది. ఎంత ముడుచుకుంటుందో దానిష్టం. ఈ ముప్పైకీ మూతులు ముప్పై కొలతలు. ఒకదాని కుచ్చు ఇంకోదానికి పట్టదు. ఒక్కటి పగిలినా నా దగ్గర ఇంకోటి లేదు.”

ఒసాకాలో ఒక పెద్ద దుకాణం ఆ ముప్పైనీ అక్టోబరు నెలాఖరున అమ్మకానికి పెడుతుంది. చిన్న సెరా, అంటే మా యజమాని, మా చేతుల్లో పుట్టి పెరిగినవాడు, మా ఇద్దరి వైపూ తిరిగి, “మిసావో పిన్నీ, నోబుయే పిన్నీ, వెంట్రుక మీరిద్దరే ముట్టుకోవాలి. ఇంకెవరూ వద్దు,” అన్నాడు. మిసావో అక్క తల వంచింది. నేను ఆమె బొటనవేలి వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను.

ఇక మొదలైంది నా దొంగతనం. మధ్యాహ్నం ఆమె మొగుడికి అన్నం పెట్టడానికి ఇంటికి వెళ్ళేది. నేను అన్నం ముద్ద రెండు గుటకల్లో మింగి, ఆమె పీట దగ్గరికి జరిగి, ఆమె ఏరి పెట్టిన కట్టల్ని మళ్ళీ ఏరేదాన్ని. మా ఊళ్ళో ఒకరి కట్టలో ఇంకొకరు చెయ్యి పెట్టరు. ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టడం అంతకన్నా చిన్న తప్పు. ప్రతి అడుగుల చప్పుడుకీ దొంగలా ఉలిక్కిపడేదాన్ని. ఓసారి సెరా హఠాత్తుగా తలుపు తీశాడు. “పిన్నీ, అది మీ పీట కాదు కదా?” అన్నాడు. “నా కత్తి ఇక్కడ పడింది” అన్నాను. నా కత్తి నా చేతిలోనే ఉంది. వాడు చూశాడో లేదో తెలియదు, తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

మొదట్లో ఒక్కో కట్టలో పది, పదిహేను ఎదురు వెంట్రుకలు దొరికేవి. నా కడుపు మండిపోయేది. ఇంత చెడ్డవి కట్టలో పెట్టుకుని ఏమీ ఎరగనట్టు సాయంత్రం నాతో పచ్చళ్ళ గురించి మాట్లాడుతుందా అని. జులై వచ్చేసరికి అవి ఆరేడు అయ్యాయి. ఆగస్టులో మూడు నాలుగు. సెప్టెంబరులో కట్ట తర్వాత కట్ట జార్చినా ఏమీ తగలడం లేదు. అమ్మయ్య, వేలికి ప్రాణం వచ్చినట్టుంది అనుకున్నాను. నా పనికి కూడా ఎన్నడూ లేని వేగం వచ్చింది. చెడ్డవి తగలకపోతే పని ఎంత త్వరగా సాగుతుంది! “ఈ ఏడు మేకలు మంచివి తిన్నట్టున్నాయి” అని అందరితో అన్నాను కూడా.

అక్టోబరు ఇరవై రెండున ఎగుచి గారు మళ్ళీ వచ్చారు. అందరికీ గుండ్రటి బిస్కెట్ల పొట్లాం తెచ్చారు. ముప్పై కుచ్చులు కట్టి, కాల్చి, ఏ పిడికి ఏది పడుతుందో కొలిచి, ఊరికే మూతుల్లో నిలబెట్టి ఉంచాం. జిగురు పెట్టలేదు. జిగురు పెట్టి రాత్రంతా ఆరిందంటే ఇక తీయడం ఉండదు, బలవంతం చేస్తే పింగాణీ పగులుతుంది. మర్నాడు పొద్దున్నే దుకాణం బండి వస్తుంది. అంటే సాయంత్రం అయిదుకి జిగురు పెట్టేయాలి. అప్పుడు టైము పదకొండు.

ఎగుచి గారు కోటు విప్పి, చొక్కా మెడ గుండీ తీసి, బల్ల ముందు కూర్చున్నారు. “మా నాన్న అనేవాడు, నువ్వు తినని బువ్వ వడ్డించకు అని,” అంటూ గడ్డం తడుముకున్నారు. పొద్దున్నే నున్నగా గీసుకొచ్చారు. “ప్రతిదీ నా చెంప మీద చూస్తాను. ఏమనుకోకండి.”

“ఏమనుకుంటాం, చూడండి,” అన్నాడు సెరా. కానీ వాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఒకటో నంబరు తీసుకుని, పొడి కుచ్చుని చెంప మీద గుండ్రంగా తిప్పారు. కళ్ళు మూసుకున్నారు. “ఊఁ.” పక్కన పెట్టారు. రెండు. “ఊఁ.” మూడు, నాలుగు. మిసావో అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. నేను లోపల్లోపల లెక్కపెడుతున్నాను. పది దాటింది. పదిహేను దాటింది. నా నడుము కాస్త సడలింది.

పదిహేడు. చెంప మీద సగం చుట్టు తిప్పి ఆగిపోయారు. కుచ్చు తీసి చూశారు. మళ్ళీ పెట్టారు. ఆయన కన్ను ఒకటి చిట్లింది.

“గుచ్చుకుంటోంది,” అన్నారు మెల్లగా. చెంప మీద వెంట్రుకంత ఎర్రటి గీత.

సెరా దాన్ని లాక్కుని తన చెంప మీద రుద్దుకున్నాడు. వాడికీ గుచ్చుకుంది. ఎగుచి గారు పద్దెనిమిది తీసుకున్నారు. ఇరవై రెండు గుచ్చుకుంది. ఇరవై మూడు గుచ్చుకుంది. ఇరవై ఎనిమిది గుచ్చుకుంది. నాలుగు పిడులు వేరుగా, బల్ల అంచున.

“ఎవరు ఏరారు ఇవి?” అన్నాడు సెరా. వాడు మాతో ఆ గొంతుతో మాట్లాడడం అదే మొదలు.

మేమిద్దరం కలిసి ఏరాం, కలిసి కట్టాం. ఎవరిది ఏదో ఎవరూ రాసుకోలేదు. సెరా చూపు ఆమె మీంచి నా మీదికి వచ్చింది. ఆ చూపు నా మీద నిలబడటం నేను భరించలేకపోయాను. ముప్పై ఒక్క ఏళ్ళలో నా చేతిలోంచి ఒక్క చెడ్డ వెంట్రుక పోలేదు, నా వైపు చూస్తాడా? నా నోరు దానంతటదే తెరుచుకుంది. దానంతటదే అని ఎందుకు అబద్ధం చెప్పాలి, నేనే తెరిచాను.

“అక్క వేలికి స్పర్శ లేదు. కొత్త సంవత్సరం ముందునుంచీ లేదు. ఏప్రిల్‌లో కాల్చుకుంది, అప్పుడు కూడా తెలియలేదు. ఇన్ని నెలలు మధ్యాహ్నం పూట ఆమె కట్టలు నేనే మళ్ళీ ఏరుతున్నాను. కొన్ని నా కన్నుగప్పి పోయినట్టున్నాయి.”

ఎగుచి గారు తల దించుకున్నారు. వేరేవాళ్ళింటి గొడవ మధ్య ఇరుక్కున్న మనిషిలా బిస్కెట్ల పొట్లాం సర్దడం మొదలుపెట్టారు.

“నిజమా పిన్నీ?” అన్నాడు సెరా. ఈసారి గొంతు చిన్నదైంది.

మిసావో అక్క లేచింది. సూదులు గుచ్చి ఉంచే చిన్న దిండులోంచి ఓ సూది తీసింది. మా అందరి ముందూ దాన్ని కుడి బొటనవేలి కండలో దించింది. నెమ్మదిగా, బట్టలో దించినట్టు. కనురెప్ప కదల్లేదు. సూది నిలబడే ఉంది. రక్తం చుక్క మెల్లగా పైకి వచ్చింది.

“నిజమే,” అంది.

సూది తీసి, వేలు గుడ్డకి తుడుచుకుని, బల్ల దగ్గరికి నడిచింది. “ఏదీ, ఆ పదిహేడు ఇటివ్వండి.”

పిడిని ఎడమచేత్తో పట్టుకుని, గుడ్డతో కుచ్చుని మెత్తగా చుట్టి, మెలిపెట్టకుండా నిలువుగా లాగింది. కుచ్చు అడుగుభాగం బయటికొచ్చింది. కాల్చిన నల్లటి మొదలు, దాని మీద జనపనార దారం చుట్లు, చివరి ముడి. పిడిలో దిగాక ఆ ముడి ఎవరికీ కనపడదు, కట్టినవాళ్ళకి తప్ప అక్కర్లేదు కూడా. మిసావో అక్క దారం కొసని ఎప్పుడూ ఎడమవైపుకి దోపి ముగిస్తుంది. నాది ఎడమచేతి వాటం. నేను కుడివైపుకి దోపుతాను.

నేనున్న చోటినుంచే కనపడింది. కొస కుడివైపుకి ఉంది.

ఆమె మిగతా మూడూ తీసింది. ఒక్కోదాన్నీ తిప్పి ముడి చూసింది. మూడూ కుడివైపే. తర్వాత తలెత్తి నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు, కట్టలోంచి ఒక వెంట్రుక ఏరినంత సేపు. నేను ఆ చూపు తట్టుకోలేక కిందికి చూశాను. ఇప్పుడు చెబుతుంది, చెప్పాలి కూడా, ఉప్పు తిన్నదాన్ని నీళ్ళు తాగాల్సిందే అనుకున్నాను.

ఆమె నాలుగు కుచ్చుల్నీ పిడికిట్లో మూసేసింది.

“నాలుగూ నావే,” అంది సెరాతో. “ముడి నాకు తెలియదా? తప్పు నాది బాబూ, ముందే చెప్పాల్సింది. ఎగుచి గారూ, క్షమించండి. రేపటినుంచి నేను పెట్టెల గదిలో కూర్చుంటాను. ఈ నాలుగూ నోబుయే విప్పి, మళ్ళీ ఏరి, మళ్ళీ కడుతుంది. అయిదులోపల అయిపోతాయి.”

నడుము విరిగేంత వంగి నమస్కారం పెట్టింది. సెరా కూడా ఎగుచి గారికి వంగాడు. నేనూ వంగాను. ఏమని వంగానో నాకే తెలియదు.

సెరా ఆయన్ని టీకి ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. వెళ్తూ నా భుజం తట్టాడు. “పిన్నీ, పరువు మీ చేతుల్లో ఉంది” అన్నాడు. గదిలో నేనూ నాలుగు కుచ్చులూ మిగిలాం. దారం తెంపి, కాలిన మొదళ్ళు పక్కకి తీసేసి, కొత్త కట్ట విప్పి కత్తి మీద పెట్టాను. ఎడమ బొటనవేలు ఆనించి జార్చాను. నున్నగా, మెత్తగా, అన్నీ ఒకేలా జారిపోయాయి. ఒక్క తప్పు కూడా లేదు. మళ్ళీ జార్చాను. అప్పుడు లేచి, గుచ్చుకున్న పదిహేడో కుచ్చు వెంట్రుకల్నే తెచ్చి కత్తి మీద పరిచాను. ఇందులో ఎదురు వెంట్రుకలు ఉన్నాయి. ఇద్దరు మగాళ్ళ చెంపలు సాక్ష్యం. జార్చాను. నా వేలికి ఏమీ తగల్లేదు. అవీ నున్నగా, మెత్తగా, అన్నీ ఒకేలా జారిపోయాయి.

మేకలు మంచివి తిన్నాయన్నానే, ఆ మాట గుర్తొచ్చి నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

మిసావో అక్క తన కూర్చునే దిండు కోసం వచ్చింది. దాన్ని చంకలో పెట్టుకుని నా వెనక నిలబడింది.

“తగలడం లేదు కదూ?” అంది.

నేను తల అడ్డంగా ఊపాను. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

“ఏడవకే, కట్ట తడుస్తుంది. ఆగస్టులో బోన్ పండగ సెలవులైన వారం నుంచీ నీ వేలు పోయింది.”

“నీకెలా తెలుసు?”

“మధ్యాహ్నం నా కట్టల్లో చెయ్యి పెట్టేదానివి కదా, నాకు తెలియదనుకున్నావా? ముప్పై ఏళ్ళు పక్కన కూర్చున్నాను, నా కట్ట అంగుళం జరిగినా తెలుస్తుంది. మొదట కోపం వచ్చింది. తర్వాత సరే, ఏరనీ అనుకున్నాను. జులైలో నాకు వేరే దారి దొరికింది. నీ సాయం అక్కర్లేకపోయింది. అయినా నువ్వు మానలేదు. పండగయ్యాక ఒకరోజు నీకోసమని అయిదు ఎదురు వెంట్రుకలు కావాలని పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే అయిదూ అక్కడే ఉన్నాయి. మర్నాడు పది పెట్టాను. పదీ ఉన్నాయి.”

“మరి నాతో అనలేదేం?”

“అంటే నువ్వు ఊరుకుంటావా? నీ నోరు నాకు తెలియదా? అరిచి గోల చేసి, నిన్ను నువ్వే సెరాకి పట్టిచ్చేదానివి. పొద్దున్నే అరగంట ముందొచ్చి నీ కట్టలు చూసుకుంటూ వచ్చాను. మొన్న సాయంత్రం నేను వెళ్ళాక కొత్త కట్ట విప్పి నాలుగు కట్టేశావు చూడు, అవే నాకు దొరకలేదు.”

అంటే సెప్టెంబరంతా నేను ఆమె కట్టల్లో చెయ్యి పెట్టి మేలు చేస్తున్నాననుకుంటుంటే, మేలు అటునుంచి జరుగుతోందన్నమాట. ఆమె నా గుట్టు రెండు నెలలు కడుపులో పెట్టుకుంది. నేను ఆమె గుట్టు ఒక్క చూపుకి తాళలేక కక్కేశాను.

“ముడి చూశావు కదక్కా. నాది అని చెప్పొచ్చు కదా!”

“చెప్పి? నాది పోయిందని నువ్వు ముందే చెప్పేశావు. ఇంక అది వెనక్కి రాదు. నీది కూడా పోయిందని నేను చెబితే ఇద్దరం పెట్టెల గదిలో కూర్చోవాలి. అప్పుడు ఈ నాలుగు ఎవరు కడతారు, సెరా వాళ్ళ నాన్నా? ఎగుచి ఏ మొహం పెట్టుకుని అరితా వెళ్తాడు?” ఆమె చంకలో దిండు సర్దుకుంది. “నాకూ ఆ పీట మీదే చావాలని ఉండేది నోబుయే. నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సింది.”

నేను నేల మీద పడి ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. కాలు వెనక్కి తీసుకుంది.

“అవతల టైము ఒంటిగంటవుతోంది. లే. కళ్ళు మూసుకో. కట్టని వేలితో కాదు, ఇదిగో, ముక్కు కింద పైపెదవికి ఆనించి జార్చు. ఇంకా మెల్లగా. తుమ్మకు, తుమ్మావంటే మళ్ళీ మొదటికొస్తుంది.”

జార్చాను. మెత్తగా, మెత్తగా, మెత్తగా పోతూ ఒక్కచోట సన్నగా చురుక్కుమంది.

“అదీ,” అంది. నా మొహం చూసే కనిపెట్టింది.

నాలుగు కుచ్చులూ అయ్యేసరికి టైము నాలుగుముప్పావు. నా పెదవి పచ్చిపుండైంది. ఎగుచి గారు నాలుగింటినీ చెంప మీద తిప్పి చూసి, నాలుగుసార్లు “ఊఁ” అన్నారు. అయిదుకి ముప్పైకీ జిగురు పెట్టాం. రాత్రి పడుకున్నాను గానీ కన్ను మూతపడలేదు. పొద్దున్నే సెరా దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను.

మర్నాడు ఎనిమిదింటికి ఎప్పటిలాగే పనివాళ్ళం పద్దెనిమిది మందిమీ ముందుగదిలో వరసగా నిలబడ్డాం. బండి అప్పటికే పిడులు పట్టుకుని వెళ్ళిపోయింది. నేను నోరు తెరవడానికి ఊపిరి పీల్చుకున్నాను. సెరా నాకన్నా ముందు మాట్లాడాడు. నిన్న జరిగింది పేర్లు లేకుండా చెప్పాడు. కానీ ఎవరి గురించో అందరికీ తెలుసు. “ఒకరి పని పోకుండా ఇన్ని నెలలు తన మధ్యాహ్నం అన్నం మానుకుని కాపాడిన మనిషి మనలో ఉంది. నిన్న నాలుగు గంటల్లో మన పరువు నిలబెట్టింది కూడా ఆవిడే,” అన్నాడు. “నోబుయే పిన్నీ, మీకు మా అందరి నమస్కారం.”

అందరూ నా వైపు తిరిగారు. పెట్టెల గదివాళ్ళ వరసలో, కొత్త నీలం గుడ్డ నడుముకి కట్టుకుని నిలబడ్డ మిసావో అక్క అందరికన్నా ముందు, అందరికన్నా లోతుగా నాకు వంగింది. మిగతావాళ్ళు ఆమెని చూసి వంగారు.

నేనూ తల వంచాను. చెప్పాలనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. వాళ్ళంతా పనుల్లోకి వెళ్ళిపోయాక కూడా నేను తల ఎత్తలేదు.